లైనక్స్ ల్యాప్‌టాప్‌కి పెట్టిన మానిటర్ ఫ్లికర్ అవుతుంటే ఎక్కడ మొదలుపెట్టాలి

లైనక్స్ ల్యాప్‌టాప్‌కి పెట్టిన మానిటర్ రెపరెపలాడగానే చాలామంది చేసే మొదటి పని, నెట్‌లో దొరికిన కెర్నల్ పారామీటర్ (బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌కి ఇచ్చే సెట్టింగ్) ఒకటి తెచ్చి గ్రబ్‌లో, అంటే బూట్ లోడర్‌లో, పెట్టడం. వాటిలో అన్నిటికన్నా ఎక్కువ చేతులు మారేది ఐ915.ఎనేబుల్_పీఎస్ఆర్=0. ఐ915 అనేది ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ పేరు. పీఎస్ఆర్ అంటే ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్. తెర మీద ఏమీ కదలనప్పుడు ప్యానెల్ తన దగ్గర దాచుకున్న ఫ్రేమ్‌నే చూపిస్తూ ఉంటుంది, ఆ కాసేపూ జీపీయూకి పని తగ్గుతుంది. ఇది ఈడీపీ మీద నడిచే సదుపాయం, అంటే ల్యాప్‌టాప్ మూతలో ఉన్న తెర కోసం పెట్టింది. హెచ్‌డీఎంఐలో పెట్టిన మానిటర్‌కి పీఎస్ఆర్ అనేదే ఉండదు. అక్కడ దాన్ని ఆపినందువల్ల ల్యాప్‌టాప్ బ్యాటరీ కాస్త త్వరగా అయిపోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

కాబట్టి ఏ సెట్టింగూ ముట్టుకోకముందే బొమ్మ ఎక్కడ చెడుతోందో తేల్చుకోవాలి. అప్లికేషన్లు గీసినవాటిని కంపోజిటర్ ఒక ఫ్రేమ్‌గా కలుపుతుంది. జీపీయూలోని డిస్‌ప్లే ఇంజన్ ఆ ఫ్రేమ్‌ని మెమరీలోంచి చదివి బయటికి పంపుతుంది. కేబుల్, అడాప్టర్, డాక్ దాన్ని మోస్తాయి. చివర్న మానిటర్ చూపిస్తుంది. ఈ దారిలో ఎక్కడ తేడా వచ్చినా మనం ఫ్లికర్ అనే అంటాం. కెర్నల్ పారామీటర్లు సరిచేయగలిగింది మాత్రం మధ్యలో ఉన్న ఆ డిస్‌ప్లే ఇంజన్ ముక్కనే.

ఒక మాట: కింద కమాండ్లు, ఫైళ్ళ దారులు తెలుగు లిపిలోనే రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాలు వాడాలి. పోర్టుల పేర్లు, గ్రబ్ ఫైల్లోని వేరియబుల్ పేరు మాత్రం పెద్దక్షరాలు.

మానిటర్ సొంత మెనూ

మానిటర్ బటన్ నొక్కి దాని మెనూ తెరవండి. ఆ మెనూని గీసేది మానిటరే, ల్యాప్‌టాప్‌కి దాని సంగతే తెలీదు. అందుకే ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు. వెనక బొమ్మ ఊగుతున్నా, చుక్కలు పడుతున్నా మెనూ మాత్రం కదలకుండా ఉంటే ప్యానెల్, బ్యాక్‌లైట్ బాగున్నట్టే, తేడా లోపలికి వస్తున్న సిగ్నల్‌లో ఉంది. మెనూ కూడా బొమ్మతో పాటే మసకబారి వెలుగుతుంటే బ్యాక్‌లైట్‌నో, మానిటర్ పవర్ అడాప్టర్‌నో అనుమానించాలి. తెర మొత్తం నల్లబడి, ఒకటి రెండు సెకన్లలో బొమ్మ తిరిగొచ్చి, మూలన హెచ్‌డీఎంఐ అనో డీపీ అనో ఇన్‌పుట్ పేరు మళ్ళీ కనబడిందంటే మానిటర్ సిగ్నల్‌ని పోగొట్టుకుని తిరిగి పట్టుకుందన్నమాట. అలాంటప్పుడు మొదటి అనుమానం కేబుల్ మీదే.

మసకబారే రకమైతే బ్రైట్‌నెస్ 100కి పెంచి చూడండి. కొన్ని మానిటర్లు వెలుగు తగ్గించడానికి బ్యాక్‌లైట్‌ని చాలా వేగంగా ఆర్పి వెలిగిస్తాయి, దీన్నే పీడబ్ల్యూఎమ్ అంటారు. 100 దగ్గర రెపరెప పోయి 20 దగ్గర తిరిగొస్తే లైనక్స్‌లో చేయగలిగింది ఏమీ లేదు. మెనూలో ఉన్నప్పుడే డైనమిక్ కాంట్రాస్ట్, ఆటో బ్రైట్‌నెస్ లాంటివి ఆపేయండి. తెల్లటి పేజీ నుంచి నల్లటి టెర్మినల్‌కి మారినప్పుడల్లా వెలుగు మారిపోతోందంటే చాలాసార్లు కారణం ఇవే.

రెండో పరీక్ష స్క్రీన్ రికార్డింగ్. ఫ్లికర్ అవుతుండగా రికార్డు చేసి, దాన్ని ల్యాప్‌టాప్ సొంత తెర మీద చూడండి. ఆ వీడియోలో కూడా కనబడితే బొమ్మ జీపీయూ దాటకముందే చెడింది, అంటే అప్లికేషన్‌లోనో కంపోజిటర్‌లోనో ఉంది గొడవ. అప్పుడు కేబుళ్ళు మార్చుకుంటూ కూర్చోనక్కర్లేదు. వీడియో శుభ్రంగా ఉంటే తప్పు ఆ తర్వాతి దారిలో ఉంది.

మూడోది, కంట్రోల్+ఆల్ట్+ఎఫ్3 నొక్కి ఖాళీ కన్సోల్‌కి వెళ్ళడం. అక్కడ కంపోజిటర్ ఉండదు. అక్కడా ఫ్లికర్ అవుతుంటే డెస్క్‌టాప్‌ని వదిలేసి కెర్నల్ డ్రైవర్, కేబుల్, మానిటర్ చూసుకోవాలి. అక్కడ బాగుందని మాత్రం కేబుల్‌ని వదిలేయకండి. కన్సోల్ వేరే రిఫ్రెష్ రేటులో తెరుచుకోవచ్చు, తక్కువ రేటులో బలహీనమైన కేబుల్ కూడా బాగానే నడుస్తుంది.

కేబుల్ మోయగలిగినంత

ఎక్కువసార్లు దొంగ దొరికేది ఇక్కడే, కాబట్టి లెక్కతో సహా చూద్దాం. 4కేని, అంటే 3840×2160ని, 60 హెర్ట్జ్‌లో హెచ్‌డీఎంఐ మీద పంపేటప్పుడు కనబడే పిక్సెళ్ళతో పాటు అంచుల్లోని ఖాళీ సమయాన్ని కూడా లెక్కలో కలపాలి. ప్రామాణిక టైమింగ్‌లో అది అడ్డంగా 4400, నిలువుగా 2250. 4400 × 2250 × 60 చేస్తే పిక్సెల్ క్లాక్ 594 మెగాహెర్ట్జ్ వస్తుంది. హెచ్‌డీఎంఐ 1.4 హద్దు 340 మెగాహెర్ట్జ్, 2.0 హద్దు 600. అంటే 4కే 60 నడుస్తున్నప్పుడు 2.0 లింక్ దాదాపు తన హద్దు దగ్గరే పనిచేస్తోంది, వెసులుబాటు ఏమీ మిగల్లేదు. కేబుల్ మీద 'హై స్పీడ్' అని మాత్రమే ఉంటే దాన్ని పరీక్షించింది 340 మెగాహెర్ట్జ్ దాకానే. 4కే 60కి 'ప్రీమియం హై స్పీడ్' అని ముద్ర ఉన్నది కావాలి, అది 18 గిగాబిట్ల వేగానికి పరీక్షించింది. 'అల్ట్రా హై స్పీడ్' అయితే 48 గిగాబిట్లు. పాత కేబుల్‌తో 60 హెర్ట్జ్ వచ్చేసిందంటే కేబుల్ సరిపోయిందని కాదు, ఇంకా తెగలేదని మాత్రమే. సాకెట్ దగ్గర కాస్త కదిలినా, పక్కన ఏదైనా మోటార్ ఆన్ అయినా తెగుతుంది.

హెచ్‌డీఎంఐలో బిట్లు తప్పడం మొదలైతే ముందు తెర మీద అక్కడక్కడా తెల్లటివో రంగురంగులవో చుక్కలు మెరుస్తాయి, ముదురు రంగు వాల్‌పేపర్ పెడితే ఇవి బాగా కనబడతాయి. తప్పులు ఇంకా పెరిగితే మానిటర్ సిగ్నల్‌ని వదిలేసి నల్లబడుతుంది. చుక్కలు కనబడుతున్నాయంటే డ్రైవర్ సెట్టింగుల జోలికి వెళ్ళక్కర్లేదు, కేబుల్ మార్చండి. అదీ పొడుగుది తీసి పొట్టిది పెట్టండి.

డిస్‌ప్లేపోర్ట్ తీరు వేరు. అందులో డేటా మోసే నాలుగు లేన్లు ఉంటాయి, ఒక్కో లేన్ వేగం హెచ్‌బీఆర్ అనే స్థాయిలో 2.7, హెచ్‌బీఆర్2లో 5.4, హెచ్‌బీఆర్3లో 8.1 గిగాబిట్లు. ఎన్‌కోడింగ్‌కి ఐదో వంతు పోగా నాలుగు లేన్లలో బొమ్మకి మిగిలేది వరసగా 8.64, 17.28, 25.92. అంచుల్ని తగ్గించిన టైమింగ్‌లో 4కే 60కి పిక్సెల్ క్లాక్ సుమారు 533 మెగాహెర్ట్జ్, రంగుకి 8 బిట్ల చొప్పున పిక్సెల్‌కి 24 బిట్లు, మొత్తం 12.8 గిగాబిట్లు కావాలి. నాలుగు లేన్ల హెచ్‌బీఆర్2 దీన్ని సులువుగా మోస్తుంది. యూఎస్‌బీ-సీ హబ్ మధ్యలో చేరితే లెక్క మారిపోతుంది. హబ్‌లో వేగవంతమైన యూఎస్‌బీ 3 పోర్టులు కూడా నడవాలి కాబట్టి మామూలుగా రెండు లేన్లు వాటికి పోతాయి, బొమ్మకి రెండే మిగులుతాయి. రెండు లేన్ల హెచ్‌బీఆర్2లో దొరికేది 8.64 గిగాబిట్లే. 1440పీ 60కి 5.8 సరిపోతుంది, 4కే 60 అందులో పట్టదు. అందుకే అలాంటి హబ్‌లు చాలా వరకు 4కేలో 30 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతాయి. హబ్ 4కే 60 ఇస్తోందంటే హెచ్‌బీఆర్3 అయినా ఉండాలి, కంప్రెషన్ అయినా ఉండాలి, యూఎస్‌బీ వేగాన్ని 2.0కి తగ్గించి నాలుగు లేన్లూ బొమ్మకే ఇస్తుండైనా ఉండాలి.

ఈ లెక్క నిజంగా ఎలా నడుస్తోందో ఏఎమ్‌డీ గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో కళ్ళారా చూడొచ్చు. రూట్‌గా /సిస్/కెర్నల్/డీబగ్/డీఆర్ఐ/0/డీపీ-1/లింక్_సెట్టింగ్స్ అనే ఫైల్ చదవండి (డీఆర్ఐ తర్వాతి అంకె మీ మెషీన్‌లో 1 కావచ్చు). అందులో కరెంట్, వెరిఫైడ్, రిపోర్టెడ్, ప్రిఫర్డ్ అని నాలుగు ముక్కలుంటాయి, ఒక్కోదాంట్లో ముందు లేన్ల సంఖ్య, తర్వాత హెక్సాలో వేగం. ఆ వేగాన్ని 270 మెగాబిట్లతో గుణించుకోవాలి. 0ఎక్స్14 అంటే 20, కాబట్టి 5.4 గిగాబిట్లు. 0ఎక్స్ఏ అంటే 2.7, 0ఎక్స్1ఈ అంటే 8.1. రిపోర్టెడ్‌లో 4, 0ఎక్స్1ఈ ఉండి వెరిఫైడ్‌లో అంతకన్నా తక్కువ ఉంటే, మానిటర్ ఆ వేగం తనకు వచ్చంటోంది కానీ మధ్యలో ఉన్న తీగ మోయలేకపోయిందని అర్థం. కేబుల్ మార్చి మళ్ళీ చదివితే ఆ అంకె పెరగాలి. ఇంటెల్‌లో డీబగ్ లాగ్ ఆన్ చేస్తే 'లింక్ ట్రైనింగ్ పాస్డ్' అనే వాక్యం పక్కన 540000 లాంటి అంకె, లేన్ల సంఖ్య కనబడతాయి, చెప్పే విషయం అదే.

చేతిలో రెండో కేబుల్ లేకపోతే రిఫ్రెష్ రేటు తగ్గించి చూడొచ్చు. లైనక్స్‌లో తెరని నడిపే పద్ధతులు రెండు, ఎక్స్11, వేలాండ్. ఎక్స్11 సెషన్‌లో: ఎక్స్‌రాండ్‌ఆర్ --అవుట్‌పుట్ డీపీ-1 --మోడ్ 3840ఎక్స్2160 --రేట్ 30. వేలాండ్‌లో ఎక్స్‌రాండ్‌ఆర్‌తో మార్చడం కుదరదు, గ్నోమ్, కేడీఈ రెండిట్లోనూ డిస్‌ప్లే సెట్టింగుల్లోంచి మార్చుకోవచ్చు. 30లో రెపరెప పూర్తిగా పోయిందనుకోండి. కేబుల్ దోషం తేలిపోయిందని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నిజానికి ఇంకా ఇద్దరు అనుమానితులు మిగిలారు: రేటు తగ్గితే తీగ మీద బరువూ తగ్గుతుంది, మెమరీలోంచి డిస్‌ప్లే ఇంజన్ చదవాల్సిందీ తగ్గుతుంది.

ఈ ఇద్దర్నీ విడదీసేది మ్యాక్స్ బీపీసీ. రంగుకి ఎన్ని బిట్లు పంపాలో దీంతో హద్దు పెట్టొచ్చు: ఎక్స్‌రాండ్‌ఆర్ --అవుట్‌పుట్ హెచ్‌డీఎంఐ-1 --సెట్ "మ్యాక్స్ బీపీసీ" 8. దీనివల్ల తీగ మీద బరువు తగ్గుతుంది, మెమరీలోంచి చదివేది మాత్రం మారదు. కాబట్టి 8కి దించగానే ఫ్లికర్ ఆగితే కేబుల్, అడాప్టర్, పోర్టు వైపే తప్పు. మానిటర్ 12 బిట్లు వచ్చంటే డ్రైవర్ నమ్మి 12 పంపుతుంది, మధ్యలో ఉన్న నాసి డాంగిల్ దాన్ని మోయలేక బొమ్మ ఎగిరిపోతుంది. ఇలాంటి కేబుళ్ళు, డాంగిళ్ళ కోసమే ఈ సదుపాయాన్ని కెర్నల్‌లోకి తెచ్చారు. ఒక్క మినహాయింపు: హెచ్‌డీఎంఐ 2.0 మీద 4కే 60 ఆర్‌జీబీ ఎటూ 8 బిట్లలోనే పడుతుంది, అక్కడ ఈ పరీక్ష ఏమీ చెప్పదు.

యూఎస్‌బీ-సీ అయితే ఇంకో చిన్న పని చేయండి. ప్లగ్ తీసి తిరగేసి పెట్టండి. తిరగేస్తే హైస్పీడ్ తీగలు సాకెట్‌లోని వేరే కాంటాక్టుల మీదికి మారతాయి. ఒకవైపు పెడితే బాగుండి రెండోవైపు పెడితే ఫ్లికర్ అవుతుంటే సాకెట్‌లో దుమ్ము చేరిందో, కాంటాక్టు అరిగిందో అయ్యుంటుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద కూడా ఒకసారి చూడండి. ఛార్జర్ పెట్టినప్పుడే వస్తుంటే పవర్ లైన్‌లోంచి వచ్చే నాయిస్, గ్రౌండింగ్ అనుమానించాలి. కుర్చీలోంచి లేచినప్పుడల్లా తెర నల్లబడుతోందని ఎవరైనా అంటే కొట్టిపారేయకండి. గ్యాస్ లిఫ్ట్ కుర్చీల్లో పుట్టే స్టాటిక్ డిశ్చార్జ్ షీల్డింగ్ సరిగా లేని వీడియో కేబుల్‌ని ఒక క్షణం పడగొట్టగలదు. దానికి మందు షీల్డింగ్ బాగున్న పొట్టి కేబుల్.

డాక్ వాడుతుంటే దాని ఫర్మ్‌వేర్ చూడండి. ఎఫ్‌డబ్ల్యూయూపీడీఎమ్‌జీఆర్ రిఫ్రెష్, తర్వాత ఎఫ్‌డబ్ల్యూయూపీడీఎమ్‌జీఆర్ గెట్-అప్‌డేట్స్ అంటే చాలా డాక్‌లకీ, వాటిలోని డిస్‌ప్లేపోర్ట్ హబ్ చిప్‌లకీ కొత్తది ఉందో లేదో చెబుతుంది. ఎల్ఎస్‌యూఎస్‌బీ జాబితాలో 17ఈ9 అనే వెండర్ నంబర్ కనబడితే అది డిస్‌ప్లేలింక్ డాక్. అందులో బొమ్మ కంప్రెస్ అయి యూఎస్‌బీ డేటాగా వెళ్తుంది, ఇక్కడ చెప్పిన లేన్ల లెక్కలేవీ దానికి వర్తించవు. దాని డ్రైవర్, దానితో పాటు వచ్చే ఈవీడీఐ అనే కెర్నల్ మాడ్యూల్ మీ కెర్నల్‌కి సరిపోయే వెర్షన్లో ఉన్నాయో లేదో చూసుకోవాలి.

కెర్నల్ ఏమంటోంది

రెండు టెర్మినళ్ళు తెరవండి. ఒకదాంట్లో సుడో డీఎమ్ఈఎస్‌జీ -డబ్ల్యూ (కెర్నల్ సందేశాలు చూపిస్తుంది), రెండోదాంట్లో యూడెవ్ఏడీఎమ్ మానిటర్ --ప్రాపర్టీ --సబ్‌సిస్టమ్-మ్యాచ్=డీఆర్ఎమ్. తెర నల్లబడిన క్షణంలోనే రెండోదాంట్లో హాట్‌ప్లగ్=1 అని ఈవెంట్ పడితే, మానిటర్ని పీకి మళ్ళీ పెట్టినట్టు ల్యాప్‌టాప్‌కి అనిపించింది. కనెక్టర్ వదులు, డాక్, మానిటర్ నిద్ర సెట్టింగులు, ఈ మూడిట్లో ఒకటి. ఈవెంట్ ఏదీ రాకుండా బొమ్మ మాత్రమే ఊగితే డీఎమ్ఈఎస్‌జీ వైపు చూడండి.

ఇంటెల్‌లో అక్కడ కనబడే పేరుమోసిన వాక్యం 'సీపీయూ పైప్ ఏ ఫైఫో అండర్‌రన్'. డిస్‌ప్లే ఇంజన్‌కి కావాల్సిన పిక్సెళ్ళు మెమరీ నుంచి సమయానికి అందలేదని దాని అర్థం. అది లాగ్‌లో ఒక్కసారే కనబడిందని తేలిగ్గా తీసుకోకూడదు. ఒకసారి చెప్పాక డ్రైవర్ ఆ పైప్ మీద ఈ ఫిర్యాదుని ఆపేస్తుంది, మోడ్ మారినప్పుడు మళ్ళీ మొదలుపెడుతుంది. ఒక్క లైను వెనక వందల తప్పులు ఉండొచ్చు. రిఫ్రెష్ రేటు అటూ ఇటూ మార్చి, మళ్ళీ వస్తుందేమో చూడండి.

అండర్‌రన్ అనగానే మెమరీ వేగం చాలలేదనుకుంటారు. లెక్క చూడండి: 4కే 60కి పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున సెకనుకి దాదాపు 2 గిగాబైట్లు చదవాలి. ఒక్క ఛానెల్ డీడీఆర్4-2400 కూడా 19.2 గిగాబైట్లు ఇస్తుంది. కాబట్టి సగటు వేగానికి లోటు లేదు. ఇబ్బంది పెట్టేది ఆలస్యం: పవర్ పొదుపు కోసం నిద్రపోయిన భాగం లేవడానికి పట్టే సమయం, మెమరీ క్లాక్ మారేటప్పుడు వచ్చే విరామం. డిస్‌ప్లే ఇంజన్ దగ్గరున్న చిన్న బఫర్ ఆ లోపే ఖాళీ అయిపోతుంది. అందుకే ఇక్కడ పనికొచ్చే పారామీటర్లన్నీ పొదుపుని ఆపేవే. ఐ915.ఎనేబుల్_డీసీ=0 డిస్‌ప్లే తాలూకు నిద్ర స్థితుల్ని ఆపుతుంది. ఐ915.ఎనేబుల్_ఎఫ్‌బీసీ=0 ఫ్రేమ్‌బఫర్ కంప్రెషన్‌ని ఆపుతుంది. ఇంటెల్_ఐఓఎమ్ఎమ్‌యూ=ఐజీఎఫ్ఎక్స్_ఆఫ్ గ్రాఫిక్స్‌ని ఐఓఎమ్ఎమ్‌యూ (పరికరాలు వాడే మెమరీ చిరునామాల్ని మార్చి ఇచ్చే భాగం) దారి నుంచి తప్పిస్తుంది. ఒక్కోటి విడిగా పరీక్షించండి, మూడూ ఒకేసారి పెడితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలీదు. మీ ల్యాప్‌టాప్‌లో ఒకే ర్యామ్ స్టిక్ ఉండి రెండో స్లాట్ ఖాళీగా ఉంటే, రెండోది వేసి డ్యుయల్ ఛానెల్ చేయడం కూడా అండర్‌రన్‌లని తగ్గించగలదు.

ఇవన్నీ ఐ915 డ్రైవర్ పేర్లు. కొత్త ఇంటెల్ ల్యాప్‌టాప్‌ల్లో ఎక్స్ఈ అనే డ్రైవర్ నడుస్తుంటుంది, దానికి ఐ915 పేరుతో ఇచ్చినవి అందవు. ఎల్ఎస్‌పీసీఐ -కే కొట్టి, వీజీఏ లైను కింద 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' పక్కన ఏముందో చూశాకే పారామీటర్ రాయండి.

ఏఎమ్‌డీ ఏపీయూల్లో (గ్రాఫిక్స్ కూడా లోపలే ఉన్న ప్రాసెసర్లలో) బొమ్మ మధ్యలో తెల్లగా మెరిసిపోతుంటే, అదీ 4కే మానిటర్‌తోనో రెండు మానిటర్లతోనో వస్తుంటే, ఏఎమ్‌డీజీపీయూ.ఎస్‌జీ_డిస్‌ప్లే=0 పెట్టి చూడండి. ఏపీయూ మామూలుగా ఫ్రేమ్‌ని సిస్టమ్ మెమరీలో అక్కడొక ముక్క ఇక్కడొక ముక్కగా ఉన్న పేజీల్లోంచి కూడా చదవగలదు. ఈ పారామీటర్ దాన్ని ఆపి, గ్రాఫిక్స్‌కి కేటాయించిన గట్టి ముక్కలోంచే చదివిస్తుంది. అప్పుడా ముక్క మీద ఒత్తిడి పెరుగుతుంది, కాబట్టి బయాస్‌లో యూఎమ్ఏ ఫ్రేమ్‌బఫర్ సైజు (ఆ ముక్క పరిమాణం) పెంచుకునే వీలుంటే పెంచండి.

మెమరీ క్లాక్ మారినప్పుడు వచ్చే మెరుపా కాదా అని తేల్చడానికి ఏఎమ్‌డీలో రీబూట్ కూడా అక్కర్లేదు: ఎకో హై | సుడో టీ /సిస్/క్లాస్/డీఆర్ఎమ్/కార్డ్0/డివైస్/పవర్_డీపీఎమ్_ఫోర్స్_పెర్ఫార్మెన్స్_లెవెల్. క్లాక్ పైన నిలిచిపోతుంది. రెపరెప ఆగితే కారణం తెలిసినట్టే. మెమరీ క్లాక్‌ని ఒక ఫ్రేమ్‌కీ తర్వాతి ఫ్రేమ్‌కీ మధ్య ఉండే ఖాళీలోనే మార్చాలి. వేర్వేరు రిఫ్రెష్ రేట్లున్న రెండు తెరలు నడుస్తుంటే ఆ ఖాళీలు ఒకేసారి రావు. రెండిటినీ ఒకే రేటులో పెట్టడం ఇక్కడ చాలాసార్లు పనిచేస్తుంది, రోజంతా క్లాక్‌ని పైన ఉంచి ల్యాప్‌టాప్‌ని వేడెక్కించడం కన్నా అదే మేలు. పరీక్ష అయ్యాక హై స్థానంలో ఆటో రాసి మామూలు స్థితికి తెచ్చేయండి.

ఎన్విడియా ఉన్న హైబ్రిడ్ ల్యాప్‌టాప్‌ల్లో ముందు పోర్టు ఎవరిదో తెలుసుకోండి. చాలా మోడళ్ళలో హెచ్‌డీఎంఐ సాకెట్ ఎన్విడియా చిప్‌కి, యూఎస్‌బీ-సీ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కి కలిపి ఉంటాయి, కొన్నిట్లో తలకిందులు. ఎల్ఎస్ /సిస్/క్లాస్/డీఆర్ఎమ్ అంటే కార్డ్0-, కార్డ్1- అని పోర్టులు ఏ కార్డు కింద ఉన్నాయో కనబడతాయి. అదే మానిటర్ని ఇంకో కార్డు పోర్టులో పెట్టి చూడటమే ఇక్కడ అన్నిటికన్నా విలువైన పరీక్ష, ఒక్క దెబ్బకి డ్రైవర్ మొత్తం మారిపోతుంది.

ఎన్విడియాలో, వేలాండ్ మీద, తెర మొత్తం కాకుండా కొన్ని విండోలు మాత్రమే రెపరెపలాడుతూ పాత ఫ్రేమ్ ఒక క్షణం వెనక్కొచ్చినట్టు ఉంటే అది మానిటర్ సమస్య కాదు. ఎక్స్‌వేలాండ్‌లో (ఎక్స్11 అప్లికేషన్లని వేలాండ్ మీద నడిపేది) నడిచే అప్లికేషన్ గీయడం పూర్తికాకముందే కంపోజిటర్ ఆ బఫర్‌ని చూపించేస్తుంది. దీనికి పరిష్కారంగా వచ్చింది ఎక్స్‌ప్లిసిట్ సింక్, అంటే గీయడం ఎప్పుడు పూర్తయిందో కంపోజిటర్‌కి స్పష్టంగా చెప్పే పద్ధతి. 2024లో వచ్చిన ఎన్విడియా 555 డ్రైవర్, ఎక్స్‌వేలాండ్ 24.1, కేడీఈ ప్లాస్మా 6.1 నుంచి ఇది ఉంది. ఈ గొలుసులో ఒక్కటి పాతదైనా రెపరెప అలాగే ఉంటుంది, అందుకే డ్రైవర్ మాత్రం కొత్తది వేసి ఫలితం లేదనుకునేవాళ్ళు ఎక్కువ.

వేళకి వచ్చే రెపరెప

గడియారం పెట్టి చూడండి. సరిగ్గా 10 సెకన్లకోసారి తెర కొద్దిగా జెర్క్ ఇస్తుంటే కెర్నల్ పోలింగ్‌ని అనుమానించాలి. కేబుల్ పెట్టారో తీశారో తనంతట తాను చెప్పలేని కనెక్టర్ల దగ్గరికి, పాత వీజీఏ లాంటివాటి దగ్గరికి, కెర్నల్ 10 సెకన్లకోసారి వెళ్ళి అడుగుతుంది. /సిస్/మాడ్యూల్/డీఆర్ఎమ్_కేఎమ్ఎస్_హెల్పర్/పారామీటర్స్/పోల్ ఫైల్లో ఎన్ అని రాస్తే ఆగుతుంది. ఆగాక జెర్క్ పోతే డీఆర్ఎమ్_కేఎమ్ఎస్_హెల్పర్.పోల్=0 శాశ్వతంగా పెట్టుకోవచ్చు.

బ్రైట్‌నెస్ స్లైడర్ కదిపినప్పుడో, నిద్ర నుంచి లేచినప్పుడో మాత్రమే వస్తుంటే డీడీసీ (వీడియో కేబుల్‌లోనే ఉండే, మానిటర్‌తో మాట్లాడే తీగ) చూడండి. డెస్క్‌టాప్ ఈ తీగ మీదే మానిటర్‌తో మాట్లాడి వెలుగు మారుస్తుంది, కొన్ని మానిటర్లు ఆ మాటలకి తట్టుకోలేవు. కేడీఈలో పవర్‌డెవిల్_నో_డీడీసీయూటిల్=1 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెడితే, అన్నీ పెద్దక్షరాల్లో, ఆ సంభాషణ ఆగిపోతుంది.

గేమ్‌లోనో వీడియోలోనో మాత్రమే, అదీ ముదురు దృశ్యాల్లో వెలుగు అదురుతుంటే వేరియబుల్ రిఫ్రెష్ రేట్ (ఫ్రేమ్‌లు వచ్చే వేగాన్ని బట్టి రిఫ్రెష్ రేటు మార్చడం) కారణం. రిఫ్రెష్ రేటు ఊగినప్పుడల్లా వీఏ, ఓలెడ్ ప్యానెళ్ళలో వెలుగు కూడా కొద్దిగా మారుతుంది. కేడీఈలో దీని పేరు అడాప్టివ్ సింక్, దాన్ని నెవర్ చేయండి, లేదా మానిటర్ మెనూలోనే ఆపేయండి.

పారామీటర్ పెట్టే పద్ధతి

ముందు తాత్కాలికంగా పెట్టి చూడాలి. గ్రబ్ మెనూలో ఈ నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే లైను చివర పారామీటర్ చేర్చి, ఎఫ్10 నొక్కండి. అది ఈ ఒక్క బూట్‌కే ఉంటుంది, తేడా కొడితే రీస్టార్ట్ చేస్తే పోతుంది. ఒకట్రెండు రోజులు నమ్మకంగా నడిచాకే /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్‌లోని గ్రబ్_సీఎమ్‌డీలైన్_లైనక్స్_డీఫాల్ట్‌లో చేర్చి, డెబియన్, ఉబుంటుల్లో సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టండి. ఫెడోరాలో సుడో గ్రబ్బీ --అప్‌డేట్-కెర్నల్=ఆల్ --ఆర్గ్స్="ఐ915.ఎనేబుల్_ఎఫ్‌బీసీ=0" లాగా (ఇక్కడ ఆల్ పెద్దక్షరాలు). బూట్ అయ్యాక క్యాట్ /ప్రాక్/సీఎమ్‌డీలైన్ కొట్టి అది నిజంగా చేరిందో లేదో చూసుకోండి. పేరులో ఒక్క అక్షరం తప్పినా బూట్ ఆగదు, ఆ పారామీటర్ పనిచేయదంతే.

మోడ్‌ని కెర్నల్ నుంచే బిగించాలంటే వీడియో=హెచ్‌డీఎంఐ-ఏ-1:1920ఎక్స్1080ఎమ్ఆర్@60 లాంటిది ఉంది, అందులో ఎమ్, ఆర్ పెద్దక్షరాలు, ఆర్ అంటే అంచులు తగ్గించిన టైమింగ్. ఇక్కడ చాలామంది తడబడేది పోర్టు పేరు దగ్గర. ఎక్స్‌రాండ్‌ఆర్ హెచ్‌డీఎంఐ-1 అని చూపించేది కెర్నల్‌కి హెచ్‌డీఎంఐ-ఏ-1. /సిస్/క్లాస్/డీఆర్ఎమ్‌లో కనబడే పేరే ఇక్కడ రాయాలి.

నిన్నటి దాకా బాగుండి అప్‌డేట్ తర్వాత మొదలైతే ఇవేవీ చేయక్కర్లేదు. గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి పాత కెర్నల్‌తో బూట్ చేయండి. పాతదాంట్లో పోతే అది రిగ్రెషన్, అంటే బాగున్నదాన్ని కొత్త కెర్నల్ చెడగొట్టింది. పాతదాంట్లోనూ ఉంటే అదే అప్‌డేట్‌లో లైనక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీ కూడా మారిందేమో ప్యాకేజీ మేనేజర్ చరిత్రలో చూడండి, డిస్‌ప్లే చిప్‌లోకి ఎక్కే ఫర్మ్‌వేర్ అందులోంచే వస్తుంది.

రిగ్రెషన్ అని తేలితే ఫ్రీడెస్క్‌టాప్ గిట్‌ల్యాబ్‌లో ఇంటెల్‌కీ, ఏఎమ్‌డీకీ విడివిడిగా ఉన్న ట్రాకర్లలో రాయండి, అక్కడ చదివేది ఆ డ్రైవర్లు రాసేవాళ్ళే. డీఆర్ఎమ్.డీబగ్=0ఎక్స్ఈ లాగ్_బఫ్_లెన్=4ఎమ్ పెట్టి బూట్ చేసి (ఇక్కడ ఎమ్ పెద్దక్షరం), ఫ్లికర్ వచ్చేదాకా ఆగి, పూర్తి డీఎమ్ఈఎస్‌జీ జత చేయండి. ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే ఫలితం, మానిటర్ ఈడీఐడీ (మానిటర్ తన వివరాలు చెప్పే డేటా) ఫైల్ కూడా కావాలి. ఈడీఐడీలో మానిటర్ సీరియల్ నంబర్ ఉంటుంది, బయట పెట్టడం ఇష్టం లేకపోతే ముందు ఈడీఐడీ-డీకోడ్‌తో చూసుకుని ఆ లైను తీసేసిన పాఠం ఇవ్వండి. రిపోర్టు మొదటి లైన్లోనే ఏ కెర్నల్ వెర్షన్ వరకు బాగుందో, ఏ వెర్షన్ నుంచి చెడిందో రాయండి, వాళ్ళు మొదట అడిగేది అదే.